ద్రాక్ష పందిరి కవర్ వెనక్కి తెచ్చుకున్న విషయం

నా పేరు బుచ్చమ్మ, భర్త పేరు రామచంద్రం. వయసు అరవై రెండు. ఇంటి పనే నా పని. నార్సింగి పాత ఊళ్లో సొంత ఇంట్లో ఉంటాము. ఎస్సై గారు అడిగితే చెబుతున్నాను. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను.

మాకు ఒక ద్రాక్ష తీగ ఉంది. వేరు వాకిట్లో, పందిరి మిద్దె మీద. మా మామ తోటలో నుంచి తెచ్చి నాటిన కొమ్మ అది. ఆ తోట ఇప్పుడు లేదు, మా ఎదురు అపార్టుమెంట్లు లేచింది అందులోనే. వానకు ద్రాక్ష ఆకు తడిస్తే బూజు తెగులు వస్తుంది. ఆకు మీద పసుపు మచ్చ, అడుగున తెల్ల బూజు, ఆ తర్వాత ఆకంతా రాలిపోతుంది. మా మనవరాలు పండు కోసి అట్లాగే నోట్లో వేసుకుంటుంది, అందుకే మందు కొట్టను. పందిరికి పైన పైపులు పెట్టించి, వెలుగు దిగే తెల్ల ప్లాస్టిక్ కవర్ కట్టాను. పక్కలు తెరిచే ఉంటాయి, గాలి ఆడాలి. చినుకు మాత్రం ఆకు మీద పడకూడదు. అంతే.

చవితికి అపార్టుమెంటు వాళ్లు గేటు దగ్గర చిన్న మండపం వేశారు. ఈసారి రంగులు వద్దని పచ్చిమట్టి వినాయకుణ్ణి పెట్టారు. పైన నీలం పట్టా కప్పారు. దాని కింద ఫోటో తీస్తే దేవుడూ మనుషులూ అందరూ నీలంగా వస్తున్నారట. అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు గారు మా ఇంటికి వచ్చారు. "అమ్మా, మీ తెల్ల కవర్ నిమజ్జనం దాకా ఇప్పించండి. దేవుడి పని కదండీ" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "దేవునికి కాదంటమా సార్, తీస్కపోండ్రి" అన్నాడు. ఆ తీగకు ఆయన ఒక్కనాడు చెంబెడు నీళ్లు పోసింది లేదు. ఇచ్చేయడం మాత్రం బాగా వచ్చు.

ఆ తర్వాత వాన విడవకుండా పడింది. నిన్న పొద్దున ఆకు తిప్పి చూస్తే బూజు మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. ఆరున్నరకు మండపానికి పోయి దండం పెట్టుకున్నాను. "కోపం జెయ్యకు తండ్రీ, నీకు ఇంకో పట్టా ఉన్నది, నా తీగకు లేదు" అన్నాను. స్టూలు ఎక్కి నా కవర్ విప్పుకున్నాను. మూలన మడిచి పెట్టిన నీలం పట్టా దేవుడి మీద నేనే కట్టాను. నాలుగు మూలలా కట్టాను. నాలుగు మూలలా కట్టానని రాసుకోండి సార్.

సాయంత్రం మిద్దె మీద తెగులు ఆకులు తుంచుతున్నాను. అప్పుడు వాన లేదు. కింద పూజ జరుగుతోంది. చలపతిరావు గారు ఫోటోల కోసం పట్టా పక్కకు లాగించడం చూశాను. నేను వంటకు దిగిపోయాను. వాళ్లు ప్రసాదాలు పట్టుకుని ఇళ్లకు పోయారు, పట్టా మళ్లీ ఎవరూ కప్పలేదు. జోరువానలో కేకలు వినపడి పరుగెత్తాను. తొండం కరిగి పొట్ట మీద పడి ఉంది. "దేవుడి మీద కప్పు లాక్కుపోయింది ఈవిడేనండీ" అని చలపతిరావు గారు అందరికీ చూపించారు. పట్టా సంగతి చెప్పబోతే వినేవాళ్లు లేరు. మా ఆయన కూడా తల దించుకుని నిలబడ్డాడు.

నేను ఎవరి మీదా కేసు పెట్టమనను. క్షమాపణ చెప్పమంటే చెబుతాను. నాకు ఓపిక లేదు. ఈ మధ్యాహ్నం మీవాళ్లు వచ్చి పందిరి మీది కవర్ విప్పి తెచ్చారు. చలపతిరావు గారు పెట్టిన కేసు తేలేదాకా స్టేషన్‌లోనే ఉంటుందన్నారు. ఆ బెంచీ కింద ఉన్న చుట్ట అదే. బయట వాన పడుతోంది. దేవుణ్ణి మళ్లీ మట్టి తెచ్చి చేసుకుంటారు. ఈ తీగ పోతే ఇంకో కొమ్మ తెచ్చుకోవడానికి నాకు ఆ తోట లేదు. కవర్ మీదే అనుకోండి సార్, మీ ముద్ర వేసుకోండి, మా పందిరి మీద మాత్రం ఉంచండి. పిలిచినప్పుడల్లా విప్పి తెచ్చి చూపిస్తాను.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరూ భయపెట్టి చెప్పించలేదు, కల్పించింది ఏమీ లేదు. వేలిముద్ర వేస్తున్నాను. వాన ఇంకా తగ్గలేదు.

బుచ్చమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర