స్పామ్‌లో పడ్డ ఉత్తరాలు

కళ్లద్దాల దుకాణంలో అక్కాచెల్లెళ్లిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"అక్కా, నువ్వు పంపే ఆఫర్ మెయిళ్లన్నీ జనానికి స్పామ్‌లో పడుతున్నాయి. అవి నిజంగా మన దుకాణం పంపినవేనని తెలిసేలా మన వెబ్‌సైట్ డొమైన్ సెట్టింగుల్లో రెండు లైన్లు చేర్చాలి. పాస్‌వర్డ్ చెప్పు."

"అది మీ బావకే తెలుసు."

"అడుగు మరి. వెనక గదిలోనే అద్దాలు బిగిస్తున్నారుగా."

"మాకు తొమ్మిది రోజులుగా మాటల్లేవు."

"బోర్డు రంగు గొడవ ఇంకా తెగలేదా?"

"నువ్వే అడిగి రా."

చెల్లెలు వెళ్లి చీటీతో తిరిగొచ్చింది.

"ఇదిగో, రాసిచ్చారు. నీ గురించి ఏమీ అనలేదు."

"నేనడిగానా?"

"సరే, లైన్లు చేర్చాను, పచ్చ టిక్కు వచ్చింది. పరీక్షకి నీ పేరుతో ఒక ఆఫర్ మెయిల్ బావకే పంపేశాను."

"నీకు బుద్ధుందా?"

"అప్పుడే జవాబొచ్చింది. చదవనా?"

"నాకేం అక్కర్లేదు. ఏమన్నారు?"

"'ఈసారి నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. ఇదివరకు నువ్వు పంపిన ఆఫర్లన్నీ స్పామ్‌లోంచి ఏరుకుని చదివాను' అన్నారు. అక్కా, ఎక్కడికి లేచావు?"

"పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చారో లేదో కనుక్కొస్తాను."

"పనైపోయిందిగా."

"నువ్వు ఊరుకోవే."