నల్ల పొట్టేలు ఉన్నితో బాగైన బండి

గరిడేపల్లి క్రాస్‌రోడ్డు కాడ నీరజ చాయ్ కొట్టు. గొర్రెలు కాసే మల్సూర్ ఇంజన్ నడుస్తున్న పాత బైకు మీదే కూర్చుని కోతలు కోస్తున్నాడు. మాటలు చాయ్ తాగుతున్న ధనుంజయ్‌తో, చూపు మాత్రం బస్సు కోసం బెంచీ మీద కూర్చున్న భార్య స్వరూప మీద. మిర్యాలగూడ దవాఖానలో వాళ్ల బిడ్డ సంతోషికి పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. కానీ కిందటి వారం కోదాడ రోడ్డు నడిమధ్య ఈ బండి ఆగిపోయి, లారీ పక్కనుంచే దూసుకుపోయింది. ఇక దీన్ని ఎక్కనని స్వరూప ఒట్టు పెట్టుకుంది.

"రోగం నేనే పట్టిన ధనుంజయ్! కార్బొరేటర్ల ఓ చిన్న రేకు తలుపు ఉంటది గదా, దాన్ని తిప్పే పుల్ల అరిగింది. ఆ సందులకెళ్లి గాలి గుంజుతాంది. ఇగ బండేడ నడుస్తది? కొత్త కార్బొరేటర్ ఎయ్యాలన్నడు మెకానిక్. నేనింటనా? ఇంట్ల అరుగు మీద కూసొని, పాత కిరోసిన్ స్టౌ ఇత్తడి గొట్టం జరంత కోసి, అరిగిన పుల్లకు బుష్ లెక్క తొడిగి బిగగొట్టిన. గాలి దూరకుండ మా నల్ల పొట్టేలు ఉన్ని పీకి, గ్రీజుల ముంచి సుట్టిన. ఒక్క కిక్కు! అంతే."

"మంచిగైంది గదా కాకా, ఇగ ఖతం."

"గప్పుడే ఏడ ఖతమైంది? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? బండిని ఆపకుండ ఇంటి కాడనే ఇడిసి, పెన్‌పహాడ్ దాక నడుసుకుంట పోయి, బామ్మర్ది ఇంట్ల అన్నం తిని, ఓ కునుకు తీసి తిరిగొచ్చిన. అదే సప్పుడు! ట్యాంకు మూత తీసి సూస్తే పెట్రోలు పెరిగింది."

"పెరుగుడేంది మామా?" నీరజ గరిటె ఆపింది.

"నేను గూడ పరేషానైన. ఉన్ని పొట్టేలిది గదనే! ఆడ పొట్టేలు గడ్డి మేస్తే ఈడ ట్యాంకు నిండుతాంది. మొన్న మాడుగులపల్లి తొవ్వల ఓ మంద కనబడితే బండి 'మే' అన్నది. హారన్ కాదే, బండే! గొర్రెలన్నీ ఎన్కవడ్డయ్. వాటితోని కాలువ దిగి నీళ్లు తాగొచ్చింది. వానొస్తే దొడ్లకు పోయి పొట్టేలు పక్కన పండుకుంటది. ఇసొంటి బండెక్కితే బస్సు కన్న ముందుగాల మనుమరాలి కాడ దింపుతది. నేనొక్కన్నే పోతే ఆ పిల్ల 'అమ్మమ్మేది తాతా' అని అడగదా?"

"పొద్దున పుట్టిన పిల్లనా?"

"నా మనుమరాలు గదా, అడుగుతది!"

బస్సు మలుపు తిరిగింది. స్వరూప సంచి పట్టుకుని లేచి బండి దగ్గరికొచ్చింది.

"సంతోషి నాయినా, గంత మంచి బండైతే ఎక్సలేటర్ మీదికెళ్లి జర చెయ్యి తియ్యి, సూస్త."

మల్సూర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మెల్లగా చెయ్యి తీశాడు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"పొట్టేలు పండుకున్నట్టుంది కాకా," అన్నాడు ధనుంజయ్.

మల్సూర్ తల దించుకున్నాడు. "బుష్ ఏసింది నిజమే స్వరూపా. జర వదులైంది. నువ్వు బస్సుల, నేను బండి మీద... మంచిగుండదనిపించింది. మనుమరాల్ని ఇద్దరం ఒక్కపారే సూడాలని నా పాణం కొట్టుకుంటాంది."

"మిర్యాలగూడ! ఎక్కుతున్నవా అమ్మా?" కండక్టర్ కేకేశాడు.

"మీరు పోండ్రి సారూ."

బస్సు కదిలింది. స్వరూప సంచిని హ్యాండిల్‌కు తగిలించి, కొంగు నడుముకు చెక్కి, బండి వెనక్కి నడిచింది.

"గేరెయ్యి, నేను తోస్త. మనుమరాలి కాడికి పోయేదాక మాత్రం చెయ్యి తియ్యకు."