గడీ తలుపు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని వడ్రంగి షెడ్డుకు దొర మనవడు సొంత కారులో వచ్చాడు. తెలంగాణలోని తన తాతగారి గడీ తలుపును కంటెయినర్‌లో తెప్పించి ఇచ్చింది ఆయనే. వడ్రంగి దాన్ని గుడ్డ కప్పి ఉంచాడు. తనదీ ఆ గడీ ఉన్న ఊరేనని ఇన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు.

"పని అయిపోయిందా?"

"ఖలాస్ సార్. తలుపు మీ ఫ్లాటుకు పట్టదు, గుమ్మంలనే అందరికి కనవడేటట్టు ఏదన్న చెయ్యమన్నరు గదా."

"అవును. వచ్చినోళ్ళకు మా గడీ చరిత్ర చెప్పాలె. మా తాత గుర్రం దిగకుండనే ఆ తలుపుల నుంచి లోపలికి వచ్చేటోడంట."

"గుర్రం సంగతి నాకు తెల్వదు సార్. మనుషులైతే చెప్పులు చేతుల వట్టుకొని పొయ్యేటోళ్ళు."

"అప్పట్ల పెద్దలంటే గౌరవం ఉండె. నీకెవరు చెప్పిన్రు?"

"ఆ తలుపు చేసినాయన. బిగిచ్చుడు అయినంక, అలసటల మర్చిపోయి చెప్పులేసుకొని మెట్లు దిగిండు. మీ తాత ఆ చెప్పులే నోట్ల కరిపిచ్చి ఊరంత తిప్పిచ్చిండు."

"ఆయన నీకేమైతడు?"

"మా తాత."

వడ్రంగి గుడ్డ లాగేశాడు. ఇత్తడి బొడిపెలతో, చెక్కిన తామరపూలతో మూడు అరల స్టాండు బయటపడింది.

"ఇదేంది? చెప్పుల స్టాండా? తలుపు మొత్తం కోసినవా?"

"మొత్తం కోసిన సార్. మళ్ళ అతుకదు."

వడ్రంగి పై అర మీది రంపపు పొట్టు తుడిచాడు.

"గడీ ముంగట అందరితోని చెప్పులు విప్పిచ్చిన్రు సార్. ఇగ మీ ఇంటికచ్చినోళ్ళందరు వాళ్ళ చెప్పులు గడీ మీదనే పెడతరు."