చిటికెనవేలు లేని చెయ్యి

ఏదీ, ఆ ఎర్ర టోఫు ముక్కేనా? తీసుకో తల్లీ. అంతా ఒకేసారి నోట్లో వేసుకోకు, ఉప్పు కషాయం. గంజిలోకి కాస్తకాస్త నంచుకోవాలి. మా తుషెంగ్ బాబాయి అయితే తినే పుల్ల కొసకి అంటినంతతో గిన్నెడు గంజి లాగించేసేవాడు. ఎవరంటావేమిటే, మా నాన్న తమ్ముడు. నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మ పుట్టకముందే పోయాడు. అప్పట్లో మనింట్లో ఎర్ర బూజు బియ్యం చేసేవాళ్ళం. బూజుగది పనంతా బాబాయిదే. అన్నం ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, పాత బూజు కలిపి, కుప్ప పోసి గోతాలు కప్పాలి. లోపల అది జ్వరమొచ్చిన పిల్లాడిలా కాగిపోతుంది. చెప్పుల్లేకుండా దిగి నెరపాలి, తడపాలి, మళ్ళీ కలియబెట్టాలి. మెతుకు లోపలిదాకా ఎర్రబడేసరికి మనిషీ ఎర్రబడతాడు. బాబాయికి మణికట్టు దాకా చేతులెరుపు, చీలమండ దాకా కాళ్ళెరుపు. "తుషెంగ్ కాళ్ళకి పారాణి ఆరదు, పెళ్ళి మాత్రం కాదు" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

పెళ్ళి కాకేం, మనసు పడ్డ మనిషి ఉంది. యూచిన్ అని, మొగుడు పోయాక వంతెన పక్కన సోయాపాలు విరగ్గొట్టి టోఫు చేసి అమ్ముకునేది. ఆవిడ మాట కూడా టోఫులాగే, మెత్తగా. కానీ మా నాయనమ్మ ఒప్పుకుంటేగా? బూజుగదివాడు టోఫు ఇంటి గడప తొక్కకూడదని మా వాళ్ళ పట్టింపు. ఆ పులిసిన నీళ్ళ వాసన తగిలితే బూజు అలిగి నల్లబడుతుందట. టోఫు తినచ్చట, గడప మాత్రం తొక్కకూడదట. అదేం న్యాయమే అని నేనడిగితే, "నీకేం తెలుసు, బూజుకి తెలుసు" అనేది. "వాడా గడప తొక్కినట్టు తెలిసిందా, వంశం పెద్దల్ని కూర్చోబెట్టి తేల్చేస్తా. వీడు బూజుగదికి దూరం, అది ఊరికి దూరం" అని రోజూ పాఠం చదివినట్టు చదివేది. అన్నంత పనీ చేసే మనిషే.

ఏం చెబుతున్నానూ? ఆ, బాబాయి చెయ్యి సంగతి. ఓ రోజు తెల్లారుజామున బాబాయి ఎర్రబియ్యం బుట్టలు తడిపి, చేతులైనా తుడుచుకోకుండా యూచిన్ ఇంటికి పోయాడు, నీళ్ళు దిగడానికి టోఫు మీద బరువురాయి ఎత్తిపెడతానని. సాయమో సరసమో, మనకెందుకు. రాయి ఎత్తాడు, తూలాడు, వేడివేడి టోఫు పళ్ళెంలో అరచెయ్యి ఆన్చాడు. మసకచీకట్లో ఆ ఎర్ర అచ్చు ఇద్దరూ చూసుకోలేదు. ఆవిడ ముక్కలు కోసి సంతలో అమ్మేసింది. పొద్దెక్కేసరికి కమ్మరివాళ్ళింట్లో ఎర్ర బొటనవేలు, దర్జీవాళ్ళింట్లో అరచేతిలో సగం. మా నాయనమ్మ ఊరుకుంటుందా? ఇంటింటికీ తిరిగి ముక్కలన్నీ పోగేసి, బల్ల మీద అతికించింది. చెయ్యి. అచ్చంగా బాబాయి చెయ్యి. కానీ చిటికెనవేలు లేదు. బాబాయి చిటికెనవేలు వంకర, అదుంటే ఇక మాటే లేదు. అది అప్పటికే ఎవరి పులుసులోనో ఉడికిపోయింది. బాబాయి తొంగిచూసి, "నాకు అయిదు వేళ్ళున్నాయమ్మా, దీనికి నాలుగే, ఇది నేను కాదు" అన్నాడు. అంత తెలివిగలవాడు మరి.

"పెద్దల ముందే తేలుతుంది" అంది నాయనమ్మ. పెద్దలొచ్చేదేమో సమాధులు ఊడ్చే పండక్కి, అంటే చలికాలం దాటాలి. అంతదాకా సాక్ష్యం కుళ్ళిపోకూడదు కదా. ఏం చేసిందనుకున్నావ్? ముక్కలకి తెల్లబూజు పట్టనిచ్చి, ఉప్పు అద్ది, జాడీలో పేర్చి, మీద ఎర్ర బూజు బియ్యం పోసి, బియ్యం సారా పోసి, మూతికి మట్టి మెత్తింది. అలవాటైన చెయ్యి, ఆలోచించలేదు పాపం. బాబాయి అంతా చూశాడు. నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు. అయినా యూచిన్‌కి మాత్రం ఆ చలికాలమంతా కంటిమీద కునుకు లేదట. ఊళ్ళోంచి పొమ్మంటే ఎక్కడికి పోతుంది చెప్పు.

పండగొచ్చింది, పెద్దలు కూర్చున్నారు. నాయనమ్మ జాడీ పగలగొట్టినంత పనిచేసి, "చూడండి నా కొడుకు చెయ్యి" అంది. చూస్తే ఏముంది, అన్ని ముక్కలూ ఎరుపే. వేలేది, కానిదేది? పెద్దాయన ఓ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇందులో చెయ్యెక్కడుందమ్మా" అంటూ నోట్లో వేసుకున్నాడు. గంజి తెమ్మన్నాడు. పక్కాయనా తెమ్మన్నాడు. ఇక అందరూ జుర్రుకోవడమే. నాయనమ్మకి ఒళ్ళు మండి, ఏముందిరా ఇందులో అని తనూ ఓ ముక్క కొరికింది. కాసేపు నమిలింది. బాబాయి వైపు చూసింది, గుమ్మం అవతల తల వంచుకు నిలబడ్డ యూచిన్ వైపు చూసింది. ఇంకో పెద్దమనిషి జాడీలోకి పుల్లలు పెట్టబోతే మూతి మీద చెయ్యి అడ్డం పెట్టేసి, "చాలు, మిగిలింది పెళ్ళికి" అంది.

ఆ తర్వాత బూజు నల్లబడిందీ లేదు, ఏమీ లేదు. బాబాయి పోయినప్పుడు ఒళ్ళు కడిగేవాళ్ళు ఆ చేతుల ఎరుపు కూడా రుద్దబోతే, యూచిన్ పిన్ని ఒప్పుకోలేదు. ఆ చెయ్యి అలాగే తన చేతిలో పట్టుకుని, ఆ వంకర చిటికెనవేలు...

గంజి చల్లారిపోతోందే. ఆ అడుగున ఉన్న చిన్న ముక్క ఇలా నాకు పెట్టు.