బంతుల కౌంటరు నుంచి ఒక ఒప్పుకోలు

అధ్యక్షులవారికి, నడుము నొప్పెడుతున్నా కదలకుండా ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, టీ ఎప్పుడిస్తారా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు (నవ్వులు) నమస్కారాలు.

ఇవాళ్టితో ఉద్యోగానికి సెలవు చెబుతున్నాను. ఈ క్లబ్బు దుకాణంలో గోల్ఫ్ బంతుల కౌంటరు వెనక ముప్పై ఒక్కేళ్ళు నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదనుకోండి, అది వేరే సంగతి. నా పద్ధతి మీకు తెలిసిందే: ఎవరొచ్చినా వలలోకి మూడుసార్లు కొట్టించి, స్వింగ్ వేగం, అంటే కర్ర ఊపే వేగం, ఎంతో యంత్రం చెప్పాకే బంతుల పెట్టె చేతికిచ్చేవాణ్ణి. గంటకు నూరు మైళ్ళు దాటితే గట్టి బంతి, ఎనభై లోపైతే మెత్తది. నెమ్మది దెబ్బకు గట్టి బంతి ఉలకదు పలకదు, మెత్తదైతే హాయిగా లేచి దూరం పోతుంది. ఈ ముక్క చెప్పినందుకు నాతో తగాదా పడనివాళ్ళు చేతులెత్తండి. అధ్యక్షులవారూ, మీరు దించాలండీ! (నవ్వులు) యంత్రం మీకు డెబ్బై ఆరు చూపించిందని, "నీ యంత్రానికి కళ్ళు పోయాయయ్యా" అని రెండు వారాలు నా మొహం చూడలేదు మీరు. తర్వాత మెల్లగా వచ్చి మెత్త బంతే పట్టుకెళ్ళారు.

ఇక అసలు విషయం. ఆర్నెల్లుగా ఆ యంత్రానికి ‘పనిచేయడం లేదు’ అని అట్టముక్క వేలాడుతోంది. అదిగో, మన డాక్టరుగారైతే బాగుచేయించమని ఏకంగా కమిటీకి ఉత్తరం రాశారు. యంత్రం నిక్షేపంలా ఉందండీ! నా భుజం పట్టేశాక ఒక ఉదయం ఎవరూ రాకముందు నేనే కొట్టి చూసుకున్నాను. అరవై ఎనిమిది. మళ్ళీ కొట్టాను, అరవై ఏడు. ఒకప్పుడు నూట రెండు కొట్టినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. గబగబా అట్ట రాసి తగిలించేశాను.

రేపటి నుంచి కౌంటరు చూసుకోబోయే మా మేనకోడలు ఆ వారమే కనిపెట్టేసింది. "మావయ్యా, ఇది బాగానే ఉందిగా?" అంది. నేను పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను. "సరేలే, నువ్వు తియ్యమన్నప్పుడే తీస్తాను" అని ఊరుకుంది. తీసెయ్ తల్లీ. డాక్టరుగారూ, ఈ ఆర్నెల్లూ అందరికీ బంతులు అంచనా మీదే ఇచ్చాను. మీరు నీళ్ళలో పోగొట్టుకున్న బంతుల్లో సగం నా పాపమే, మిగతా సగం మీదే. (నవ్వులు)

కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. ప్రతి ఆదివారం మా ఆవిడ గోల్ఫ్ కర్రల సంచీ భుజాన వేసుకుని, "వస్తున్నారా?" అని గుమ్మంలో నిలబడేది. దుకాణంలో పనుందని అబద్ధమాడేవాణ్ణి. ఒక్కతే వెళ్ళేది.

అసలు అంతకుముందు మాత్రం తోడున్నానా? నా బంతి ఎక్కడో పడేది, నేను దాని వెనక పరుగెత్తేవాణ్ణి, తను ఎక్కడో వెనక నడిచేది. ఏమోయ్, అందరి ముందూ చెబుతున్నాను, రేపు ఆదివారం, నీతో ఆటకు వస్తున్నాను. నీ వేగం డెబ్బై, నాది అరవై ఎనిమిది. ఇద్దరికీ ఒకే పెట్టె చాలు. నీ బంతే రెండడుగులు ముందు పడుతుంది, నేనొచ్చేదాకా కాస్త ఆగు.

ఇన్నాళ్ళు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. పొద్దున్నే లేవాలి, సెలవు.