మౌనాన్ని ఆలకించిన ప్రభావతి గారు

1981వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన శ్రీమతి ప్రభావతి గారు పటాన్‌చెరులోని మన సంగమేశ్వర కార్మిక వైద్యశాలలో మానసిక సలహాదారుగా విధుల్లో చేరారు. అటువంటి ఉద్యోగమొకటి ఉన్నదని ఆనాడు రోగులకే కాదు, వైద్యులలో కొందరికి కూడా తెలియదు. మందుల గది పక్కన పాత సామాను పడవేసే చిన్న గదిని ఖాళీ చేయించి వారికి కేటాయించారు. "మందియ్యదు, సూదియ్యదు, మరేం చేస్తదట గా అమ్మ?" అని వరండాలో కూర్చున్న కార్మికులు చెప్పుకునేవారు.

సంగారెడ్డి బజారులో జొన్నలు, కందుల వ్యాపారం చేసిన రాజారావు గారి ఏకైక కుమార్తె వారు. చిన్న వయసులో జరిగిన వివాహం కొద్ది సంవత్సరాలకే విచ్ఛిన్నం కాగా పుట్టింటికి తిరిగివచ్చి, బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పలేక పుస్తకాలను ఆశ్రయించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందారు. తండ్రి గతించిన పిదప సంగారెడ్డిలోనే పాత జైలు దగ్గర ఒక గది కిరాయికి తీసుకొని, ఒంటరిగా నివసిస్తూ, ప్రతిదినం బస్సులో వచ్చిపోయేవారు. ఈ సంగతులు రాయడానికి వారు, దిగువ చెప్పబోయే ప్రమాద సంగతి రాయడానికి అందులోని మొగులయ్య దంపతులు సమ్మతించడం మా భాగ్యం.

దుఃఖంలో ఉన్నవారిని ఏడవవద్దనడం వారి పద్ధతి కాదు. పోయిన మనిషి పేరెత్తడానికి ఇంటివారే జంకుతున్న వేళ, వారు ఆ పేరు పెట్టి, అతనికి ఏ కూర ఇష్టమో, ఎవరితో దెబ్బలాడేవాడో అడిగేవారు. ప్రమాదం నుంచి బయటపడ్డవారిని ఆనాటి సంగతి చెప్పమని తొందరపెట్టక, ముందు నిద్రను గురించీ తిండిని గురించీ విచారించేవారు. ఆలుమగల తగవులో తప్పెవరిదని తేల్చడం పెద్దమనుషుల పనే గాని తన పని కాదనేవారు.

1992 వేసవిలో ఒక రసాయన కర్మాగారంలో రియాక్టరు పేలింది. ఆ కర్మాగారంలో పనిచేస్తున్న లక్డారం వాస్తవ్యుడు మొగులయ్య కాలిన గాయాలతో బయటపడ్డాడు. అక్కడే పనిచేసే అతని తమ్ముడు బాలప్ప లోపలే మరణించాడు. గాయాలు మాని ఇల్లు చేరిన మొగులయ్య ఎవరితోనూ పలకడం మానివేశాడు. అతని భార్య దేవమ్మ ప్రభావతి గారి గదికి వచ్చి, "పుండ్లు మానినయమ్మా. మనిషే మాట్లాడుత లేడు. ఇగ నాతోని కాదు, మా తల్లిగారింటికి పోత" అన్నది.

"జెర ఆగు దేవమ్మా. నేనొస్త" అన్నారు ప్రభావతి గారు.

అది మొదలు సెలవురోజులలో లక్డారం వెళ్లి, గోడవైపు తిరిగి కూర్చున్న ఆ మనిషి దగ్గర కాసేపు ఊరకే కూర్చుని వచ్చేవారు. ఒకనాడు అతడు భగ్గుమన్నాడు.

"నీ కాపురమే నిలవలే, మాకేం చెప్తవ్? పో!"

దేవమ్మ భయంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ప్రభావతి గారు లేవలేదు.

"నిజమే మొగులయ్యా, నిలవలే. నేను ఒక్కదాన్నే ఉంట. మీరిద్దరు ఒక్క ఇంట్ల ఉండి ఎవరికి వాళ్లు ఒక్కరైతున్నరు. అది చూడలేకనే వస్తున్న."

అతడు గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. "వాడు అన్నా అని పిలిచిండమ్మా. నాకు ఇనవడ్డది. ఇనవడ్డా ఆగలే, ఉరికిన. మళ్లి చూస్తే తలుపు కానరాలే, అంత పొగనే."

నీ తప్పేమీ లేదని ఊరంతా చెప్పి చెప్పి అతని నోరు మూయించిందని గ్రహించిన ప్రభావతి గారు ఆ మాట అనలేదు. "బాలప్ప ఎప్పుడు గట్లనే పిలిచేటోడా?" అని మాత్రం అడిగారు.

"అన్నం కాడ గూడ గట్లనే మొత్తుకునేటోడు" అంటూ మొగులయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

దేవమ్మ వచ్చి పక్కన కూర్చున్నది. "గీ మాట నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నా మొఖం చూడవనుకున్న."

అయినా దేవమ్మ కొన్నాళ్లు తల్లిగారింటికి పోయింది. వానలు పడ్డాక తనంతట తానే తిరిగివచ్చింది. మొగులయ్య మళ్లీ ఆ యంత్రాల మధ్యకు వెళ్లలేకపోగా, ప్రభావతి గారు కర్మాగారం యాజమాన్యంతో పట్టుబట్టి మాట్లాడి అతనికి అక్కడే తోటపని ఇప్పించారు. సైరను మోగితే నేటికీ అతడు చేతిలోని పని వదిలి గేటు బయటకు నడుస్తాడు. పూర్తిగా నయం చేశానని వారు ఏనాడూ చెప్పుకోలేదు.

విన్నది బయటపెట్టరాని వృత్తి అది. ఎందరి కన్నీళ్లనో గుండెలో దాచుకొని, ఎవరికీ చెప్పుకోలేక, సాయంత్రం బస్సు కిటికీ పక్కన మౌనంగా కూర్చుని సంగారెడ్డి చేరేవారు. వారి మితభాషిత్వాన్ని గాంభీర్యమని పలువురు భావించేవారు.

ఈ 2006 జూలై నెలాఖరున వారు పదవీ విరమణ చేయుచున్న సందర్భంగా ఏర్పాటైన తేనీటి విందులో సూపరింటెండెంట్ డాక్టర్ కాశీనాథ్ గారు వారి సమయపాలనను కొనియాడారు. అందరికన్నా ముందు వచ్చి గది తలుపు తెరిచేవారని ప్రశంసించారు. ప్రభావతి గారు లేచి నిలబడి ఇలా అన్నారు: "సమయపాలన గాదు సార్. పొద్దున లేస్తే ఇంట్ల పలుకరించేటోళ్లు ఎవ్వరు లేకుండె. అందుకే జల్దీ వచ్చేదాన్ని."

సంగారెడ్డిలోనే ఉంటున్న నర్సు పుష్పమ్మ గారు వెనుక వరుస నుంచి లేచి, "ఇగ రేపటి సంది మా ఇంటికి రా అక్కా. గా టైముకే చాయ్ పెడ్త" అన్నారు. ప్రభావతి గారు మా అందరి ముందు ఏడ్వడం అదే ప్రథమం.

శ్రీమతి ప్రభావతి గారు నిండు ఆరోగ్యంతో, ప్రశాంత చిత్తంతో, ఉదయాన్నే పేరు పెట్టి పిలిచే ఆత్మీయుల నడుమ, మనసులోని మాట తనివితీరా చెప్పుకుంటూ నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులమంతా మనసారా ఆకాంక్షిస్తున్నాము.