సుమలత రిపోర్టు

సూర్యాపేట దవాఖాన నుంచి నేరేడుచర్ల పోయే బస్సులో సుమలత, ఆమె చెల్లెలు సంతోషి.

“రేపటి సంది గోదాముకు పోకు సంతోషీ.”

“పోకుంటే ఎట్లక్కా? సీజన్. విత్తనపు వడ్లకు మందు పట్టిచ్చేటోళ్లు దొరుకుతలేరని సూపర్‌వైజర్ మొత్తుకుంటుండు. నాగాలు పెడితే కార్డు తీసేస్తడు.”

“తీసెయ్యనియ్.”

“నీ పేరు మీది ఎనిమిదేండ్ల పని కార్డు! నీకు చేతగానినాడు దాని మీద నేనే పోతి గదా. ఇగ రోజూ పోత. నీ చేతులు నయమైనంక నువ్వే పోదువు.”

“నయం కావు. డాక్టర్ చెప్పంగ ఇన్లేదా?”

“ఇన్న. ఈ రోగం కొందరి రక్తంలనే ఉంటదంట. ఆ మందు పొడి తాకంగ తాకంగ లేస్తదంట. లేస్తే మన ఒళ్లే మన ఒంటిని తింటదంట. నీ రక్తంల ఉంది, లేసింది. నాకేమైంది?”

“ఒక్క అమ్మ కడుపులనే పుట్టినం.”

“పుడితే? నువ్వు అమ్మ లెక్క నల్లగ, నేను నాయిన లెక్క ఎర్రగ. నీ ముక్కేడ, నా ముక్కేడ!”

“నవ్వకు.”

“నువ్వు నవ్వవు, నన్ను నవ్వనియ్యవు. సరే, గ్లౌజులు ఏసుకుంట. అయిపాయె?”

“రెండు సంచులు కాంగనే తీసేస్తవ్. గ్లౌజులతోని కలిపితే గింజకు సమంగ పట్టదు. నేను తియ్యలేదా?”

“టికెట్లు నీ దగ్గరున్నయా, నా దగ్గరున్నయా?”

“మాట మార్చకు.”

“మరేందక్కా! నలభై కిలోల సంచి ఒక్కదాన్నే లేపుత. డాక్టర్ నన్ను ముట్టుకొనన్న సూడలే. నీ రిపోర్టు పట్టుకొని నా మీద పడ్డరు ఇద్దరు.”

“డాక్టర్ నా చేతులు సూసే చెప్పిండు. కాగితం తర్వాత సూసిండు.”

“కాగితంల ఇంకా గట్టిగుంది గదా.”

“నువ్వు సూసినవా?”

“సూసిన. పైన సుమలత అని నీ పేరు, కింద అన్నీ ఎర్ర గీతలే. గోదాముల ఇద్దరు మంచం పట్టినంక అందరి రక్తం తీసి పట్నం పంపిన్రు సూడు, గదే.”

“రక్తం తీసిన తారీకు సూడలే?”

“తారీకుతోని ఏం పని?”

“ఇగో. సదువు.”

“పోయిన నెల పదహారు. అయితే?”

“పదహారు నాడు నేను మిర్యాలగూడల మా ఆడబిడ్డ కాన్పు కాడ ఉన్న. గోదాముల నా కార్డు మీద సూది పొడిపిచ్చుకుంది నువ్వే సంతోషీ.”